లాగ్‌లో ఎర్రర్ దొరకడం లేదా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ సాఫ్ట్‌వేర్ లాగ్‌లు (ప్రోగ్రామ్ తాను చేసిన పనులను వరుసగా రాసుకునే ఫైళ్లు) చదవడం, వడకట్టడం గురించే. కమాండ్లనూ ఆప్షన్లనూ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాం. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ‘పెద్ద’ అని విడిగా చెప్పని చోటల్లా చిన్న అక్షరమే అనుకోండి.

ప్రశ్న: మా సర్వర్‌లో ఒక లాగ్ ఫైలు 6 జీబీ దాటింది. ఎడిటర్‌లో తెరిస్తే మెషీన్ బిగుసుకుపోతోంది. ముక్కలుగా కోసి చూడటం తప్ప దారి లేదా?

కోయనక్కర్లేదు. ఎడిటర్లు చాలావరకు ఫైలు మొత్తాన్నీ మెమరీలోకి ఎక్కించుకుంటాయి. లాగ్‌ను మనం చదువుతామే గానీ దిద్దం కదా, ఆ బరువు ఎందుకు? ‘లెస్’ అనే కమాండ్‌తో తెరవండి. తెరమీద చూపించాల్సిన మేరకే చదువుతుంది కాబట్టి ఫైలు ఎంత పెద్దదైనా వెంటనే తెరుచుకుంటుంది. ‘-పెద్ద ఎస్’ ఆప్షన్ కూడా ఇస్తే పొడవాటి లైన్లు మడతలు పడకుండా ఒక్కోటి ఒక్కో వరుసలో ఉంటాయి. కుడివైపు మిగిలిన భాగాన్ని బాణం మీటతో జరిపి చూసుకోవచ్చు.

చాలామంది వాడని సౌకర్యం ఒకటుంది. లెస్‌లో 50 అని కొట్టి శాతం గుర్తు నొక్కితే ఫైలు సరిగ్గా సగానికి వెళ్తుంది. అక్కడి టైమ్ చూడండి. మీకు కావాల్సింది ఆ తర్వాతి సమయమైతే 75, ముందుదైతే 25. ఇలా కొన్నిసార్లు జరిపితే 6 జీబీలో మీకు కావాల్సిన నిమిషం దగ్గరికి చేరిపోతారు. అక్కడినుంచి స్లాష్ నొక్కి మాట టైప్ చేస్తే కిందికి వెతుకుతుంది, ప్రశ్నార్థకం నొక్కితే పైకి. ‘ఎన్’ తర్వాతిది, ‘పెద్ద ఎన్’ వెనకది.

వడకట్టాలంటే ఆంపర్‌సాండ్ గుర్తు నొక్కి మాట ఇవ్వండి, ఆ మాట ఉన్న లైన్లే మిగులుతాయి. ఆంపర్‌సాండ్ తర్వాత ఆశ్చర్యార్థకం పెట్టి మాట ఇస్తే ఆ మాట లేని లైన్లు మిగులుతాయి. ఆంపర్‌సాండ్ నొక్కి మాటేమీ ఇవ్వకుండా ఎంటర్ కొడితే ఫిల్టర్ పోతుంది. మీరు వెతికే మాట అరుదైనదైతే మాత్రం ఒక తెర నిండేవరకు లెస్ ఫైలంతా గాలించాలి, అప్పుడు ఆలస్యం తప్పదు. అలాంటిచోట గ్రెప్ (ఇచ్చిన మాట ఉన్న లైన్లను ఏరి చూపే కమాండ్) నయం. ‘పెద్ద జీ’తో ఫైలు చివరికి వెళ్లినప్పుడు లైన్ నంబర్లు లెక్కిస్తున్నానంటూ ఆగిపోతే కంట్రోల్-సి కొట్టండి. లెక్క మానేసి లైన్లు చూపిస్తుంది.

ప్రశ్న: ‘ఎర్రర్’ అని గ్రెప్ చేస్తే వేల లైన్లు వస్తున్నాయి. అన్నీ చదవలేను. ఏది ముఖ్యమో ఎలా తేల్చుకోవాలి?

మాటతో మొదలుపెట్టడమే ఇక్కడ ఇబ్బంది. ముందు టైమ్‌తో కోయండి. సమస్య ఎప్పుడు మొదలైందో వాడుకరి ఫిర్యాదు నుంచో, గ్రాఫ్ నుంచో సుమారుగా తెలుస్తుంది. దానికి ఐదు నిమిషాలు ముందు నుంచి మొదలుపెట్టి, ఆ కాస్త భాగాన్నీ వేరే ఫైలులోకి తీసుకోండి. పది నిమిషాల లాగ్‌లో ఉండే ఎర్రర్లను మనిషి చదవగలడు, రోజంతా పోగైన వాటిని చదవలేడు.

ఇక ‘ఎర్రర్’ అనే మాట. చాలా లాగ్‌లలో ‘0 ఎర్రర్లు’ అన్న శుభవార్తలోనూ అదే మాట ఉంటుంది. అసలు ప్రమాదం రాసిన లైనులోనేమో ‘ఫెయిల్డ్’, ‘రిఫ్యూజ్డ్’, ‘టైమ్‌అవుట్’, ‘డినైడ్’, ‘ప్యానిక్’ లాంటివే తప్ప ఎర్రర్ అన్న మాట ఉండకపోవచ్చు. అందుకని ఉన్నవాటిలో ఎర్రర్లను ఏరడం కన్నా, రోజూ వచ్చే సోదిని చాటతో చెరిగినట్టు బయటికి పంపి మిగిలింది చూడటం మంచి పద్ధతి.

చెరిగేది ఇలా. లైన్లలో మారుతూ ఉండే భాగాలన్నిటినీ ఒకే గుర్తుగా మార్చాలి. ఉదాహరణకు ఈ రెండు లైన్లు చూడండి:

2025-03-14 10:15:07 ఆర్డర్ 48213 సేవ్ కాలేదు, 3021 మిల్లీసెకన్లకు టైమ్‌అవుట్

2025-03-14 10:15:09 ఆర్డర్ 48220 సేవ్ కాలేదు, 3007 మిల్లీసెకన్లకు టైమ్‌అవుట్

కంప్యూటర్ లెక్కలో ఇవి రెండు వేర్వేరు లైన్లు. సెడ్‌లో (టెక్స్ట్‌ను లైను లైనుగా మార్చే కమాండ్) [0-9][0-9]* అనే నమూనాను # గుర్తుతో మార్చమంటే రెండూ ‘#-#-# #:#:# ఆర్డర్ # సేవ్ కాలేదు, # మిల్లీసెకన్లకు టైమ్‌అవుట్’ అనే ఒకే రూపానికి వస్తాయి. తేదీ, సమయం కూడా అంకెలే కాబట్టి వాటిని విడిగా కోసే పనిలేదు. యూయూఐడీలు (అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి గుర్తింపు సంఖ్యలు) ఉంటే మాత్రం వాటిని ముందే మార్చాలి. లేకపోతే అంకెలు పోయాక మిగిలిన అక్షరాలు ఒక్కో లైనుకు ఒక్కోలా ఉండి లెక్క చెడుతుంది. సెడ్‌కు ‘-పెద్ద ఇ’ ఆప్షన్‌ ఇచ్చి, సున్నా నుంచి 9, ఎ నుంచి ఎఫ్, హైఫన్ కలిపిన 36 అక్షరాల వరుసను ఒక గుర్తుగా మార్చే నియమం ముందు పెట్టి, అంకెల నియమం తర్వాత పెట్టండి.

ఆపైన ‘సార్ట్’, ‘యూనిక్ -సి’ (టైప్ చేసేది యు-ఎన్-ఐ-క్యూ), ‘సార్ట్ -ఆర్‌ఎన్’ వరుసగా పైప్ చేస్తే (ఒకదాని అవుట్‌పుట్‌ను తర్వాతిదానికి పంపితే) ఏ రకం లైను ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక వస్తుంది. మొదటి సార్ట్‌ను వదిలేయకండి. యూనిక్ పక్కపక్కనున్న లైన్లనే పోలుస్తుంది, దూరదూరంగా ఉన్నవాటిని విడివిడిగా లెక్కేస్తుంది.

పట్టిక చేతికొచ్చాక అందరి చూపూ పై వరుసల మీదికే పోతుంది. మా సలహా, కింది వరుసలూ చూడండి. వేలసార్లు వచ్చేది సాధారణంగా ఎప్పటినుంచో వస్తున్నదే. ఒకటి రెండుసార్లు వచ్చినదే ఇవాళ కొత్తగా పుట్టింది కావచ్చు. ఖాయం చేసుకోవాలంటే, ఏ గొడవా లేని నిన్నటి రోజున ఇదే సమయపు లాగ్‌ను కూడా అదే నియమాలతో మార్చి, రెండిటినీ ‘సార్ట్ -యు’ చేసి, ‘కామ్ -13’కి ముందు నిన్నటి ఫైలు, తర్వాత ఇవాళ్టి ఫైలు ఇవ్వండి. ఇవాళ మాత్రమే ఉన్న రకాలు మిగులుతాయి. సాధారణంగా ఆ జాబితా ఒక తెరకు మించదు. అందులో సమయం ప్రకారం మొట్టమొదట వచ్చినదాని దగ్గర మొదలుపెట్టండి. తర్వాతివి చాలావరకు దాని పర్యవసానాలే అయివుంటాయి. మొదటి లైను ఎక్కడుందో చూడటానికి అసలు ఫైలు మీద ‘గ్రెప్ -ఎం 1 -ఎన్’ చాలు. దాని పూర్వాపరాలు కావాలంటే ‘-బి’ కాదు, ‘-పెద్ద బి 20’ (ముందు 20 లైన్లు), ‘-పెద్ద ఎ 20’ (తర్వాత 20 లైన్లు).

రోజూ తీసేసే సోది నమూనాలను ఒక ఫైలులో రాసుకుని ‘గ్రెప్ -వి -పెద్ద ఎఫ్ -ఎఫ్’కు ఇవ్వడం మంచి అలవాటే. కానీ ఆ ఫైలులో ఒక్క ఖాళీ లైను మిగిలినా కొంప మునుగుతుంది. ఖాళీ నమూనా ప్రతి లైనుకూ సరిపోతుంది, ‘-వి’ ఉంది కాబట్టి ప్రతి లైనూ పోతుంది. తెర ఖాళీగా ఉంటుంది, మీరేమో ఎర్రర్లే లేవనుకుంటారు.

ప్రశ్న: ఎర్రర్ లైను కంటికి కనిపిస్తోంది. గ్రెప్ మాత్రం ఏమీ లేదంటోంది. ఎలా సాధ్యం?

ఇది బాగా అడగాల్సిన ప్రశ్న. ‘ఏమీ రాలేదు’ అన్న ఫలితాన్ని ఎప్పుడూ అనుమానించాలి. కారణాలు చాలానే ఉన్నాయి, మేం తరచుగా చూసేవి చెబుతాం.

రంగులు. ప్రోగ్రామ్ తెరమీద ఎర్రర్‌ను ఎర్రగా చూపడానికి రాసే కోడ్లు ఫైలులోకి కూడా వచ్చేస్తాయి. ‘క్యాట్ -వి’తో చూస్తే ఆ మాటకు ముందు ^[[31ఎం అని కనిపిస్తుంది. మామూలు గ్రెప్‌కు దీంతో ఇబ్బంది లేదు. పూర్తి మాట మాత్రమే కావాలని ‘-డబ్ల్యూ’ పెట్టారనుకోండి, రంగు కోడ్ చివరున్న ఎం అక్షరం మన మాటకు అతుక్కుని ఉంటుంది. దాంతో గ్రెప్ దృష్టిలో అది వేరే మాట అవుతుంది. లైను మొదట్లోనే ఉండాలని టోపీ గుర్తు (^) పెట్టినా ఇదే గతి. విచిత్రం ఏమిటంటే టెర్మినల్ ఆ కోడ్‌ను రంగుగా మార్చేస్తుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. వడకట్టే ముందు సెడ్‌తో ఎస్కేప్ అక్షరం, చదరపు బ్రాకెట్, అంకెలు-సెమీకోలన్లు, ఎం వరకు ఉన్న వరుసను తీసేయండి. కుదిరితే ఫైలుకు రాసేటప్పుడు రంగులు రాయొద్దని ప్రోగ్రామ్ సెట్టింగ్‌లోనే చెప్పడం ఇంకా శ్రేష్ఠం.

ఎన్‌కోడింగ్. విండోస్ పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో ఫైలులోకి పంపితే అది యూటీఎఫ్-16లో పడుతుంది. ఇంగ్లిష్ అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒక సున్నా బైటు ఉంటుంది. ఆ ఫైలును లినక్స్‌కు తెచ్చి వెతికితే ఏ మాటా దొరకదు. ‘ఫైల్’ అనే కమాండ్ ఇస్తే ఎన్‌కోడింగ్ ఏదో చెబుతుంది, ‘ఐకాన్వ్’తో యూటీఎఫ్-8కు మార్చుకోండి. పవర్‌షెల్ 7లో ఈ బాధ లేదు.

బైనరీ అనుకోవడం. మధ్యలో ఎక్కడో సున్నా బైట్లు ఉంటే గ్రెప్ లైన్లు చూపడం మానేసి ‘బైనరీ ఫైలు సరిపోలింది’ అనే ఒక్క ముక్కతో సరిపెడుతుంది. ‘-ఎ’ ఆప్షన్ ఇస్తే మామూలు టెక్స్ట్‌లాగే చూస్తుంది. అసలా సున్నాలు ఎక్కడివి? ప్రోగ్రామ్ ఫైలును అపెండ్ పద్ధతిలో తెరవకుండా రాస్తూ ఉండగా, లాగ్‌రొటేట్ (పాత లాగ్‌లను పక్కకు పెట్టే ప్రోగ్రామ్) ‘కాపీట్రంకేట్’తో ఫైలును ఖాళీ చేసిందనుకోండి. ప్రోగ్రామ్ తన పాత స్థానం నుంచే రాయడం కొనసాగిస్తుంది. ముందున్న ఖాళీ అంతా సున్నాలతో నిండినట్టు కనిపిస్తుంది.

సాధనం తనంతట తాను వదిలేయడం. గ్రెప్‌కు బదులు ‘రిప్‌గ్రెప్’ వాడేవాళ్లు గుర్తుంచుకోండి, అది గిట్ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉన్న ఫైళ్లను ఫోల్డర్‌లో వెతికేటప్పుడు ముట్టుకోదు. లాగ్ ఫైళ్లు దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ ఆ జాబితాలోనే ఉంటాయి! ‘-యుయు’ ఇస్తే వాటినీ చూస్తుంది. పాత లాగ్‌లు జీజిప్‌లో ఉంటే ‘జెడ్‌గ్రెప్’ కావాలి.

డాకర్. ‘డాకర్ లాగ్స్’ను గ్రెప్‌లోకి పైప్ చేస్తే ప్రామాణిక అవుట్‌పుట్ (ఎస్‌టీడీఅవుట్) మాత్రమే గ్రెప్‌కు చేరుతుంది. ప్రోగ్రామ్ ఎర్రర్లను రాసేది తరచుగా ఎస్‌టీడీఈఆర్ఆర్ అనే వేరే దారిలోకి, అవి పైప్‌ను తప్పించుకుని నేరుగా తెరమీద పడతాయి. పైప్‌కు ముందు 2>&1 చేర్చండి. ఫిల్టర్ పెట్టినా సంబంధం లేని లైన్లు వస్తున్నాయని మరో పాఠకుడు అడిగారు, కారణం ఇదే.

చదరపు బ్రాకెట్లలో మాట పెట్టి వెతికితే దీనికి తలకిందుల సమస్య. గ్రెప్ దాన్ని ‘వీటిలో ఏదో ఒక అక్షరం’ అని అర్థం చేసుకుని దాదాపు ఫైలంతా కుమ్మరిస్తుంది. ఉన్నదున్నట్టు వెతకాలంటే ‘-పెద్ద ఎఫ్’.

ప్రశ్న: ఉదయం 10:15 నుంచి 10:20 వరకు ఉన్న లైన్లు మాత్రమే కావాలి. సెడ్‌లో రెండు టైమ్‌లు ఇచ్చి ప్రయత్నిస్తే ఒక్కోసారి ఖాళీ వస్తోంది, ఒక్కోసారి ఫైలు చివరిదాకా వస్తోంది.

సెడ్ పరిధికి సమయం అంటే ఏమిటో తెలియదు. మీరిచ్చిన మొదటి నమూనా అచ్చంగా కనిపించిన లైను దగ్గర మొదలుపెడుతుంది, రెండోది కనిపించిన చోట ఆపుతుంది. 10:15లో ఒక్క లైనూ లేకపోతే అసలు మొదలే కాదు. 10:20లో ఏ లైనూ లేకపోతే ఆపదు.

ఆక్ అనే కమాండ్‌లో పోలికతో చేయండి. తేదీ ‘సంవత్సరం-నెల-రోజు గంట:నిమిషం’ క్రమంలో ఉంటే అక్షరాల పోలికే సమయాల పోలిక అవుతుంది. అయితే లైనును నేరుగా పోల్చితే స్టాక్ ట్రేస్ లైన్లు (ఎర్రర్ కోడ్‌లో ఏ దారిలో వచ్చిందో చూపే వరుసలు) రాలిపోతాయి, వాటికి ముందు తేదీ ఉండదు కాబట్టి. అందుకని ఇలా:

/^20/ { క = ($0 >= "2025-03-14 10:15" && $0 < "2025-03-14 10:21") } క

‘క’ ఉన్న రెండుచోట్లా ఏదైనా ఒక ఇంగ్లిష్ అక్షరం పెట్టండి. 20తో మొదలయ్యే లైను వచ్చినప్పుడల్లా అది పరిధిలో ఉందో లేదో గుర్తుపెట్టుకుంటుంది, తేదీ లేని లైన్లకు పైనున్న లైను తీర్పే వర్తిస్తుంది. 10:20 నిమిషం మొత్తం రావాలి కాబట్టి ముగింపు 10:21.

లాగ్ ఏ టైమ్‌జోన్‌లో ఉందో ముందు చూసుకోండి. సర్వర్లు చాలావరకు యూటీసీలో రాస్తాయి, ఫిర్యాదు చేసినవాళ్లు తమ గడియారం చూసి చెబుతారు. పాత సిస్‌లాగ్ పద్ధతి, అంటే ఆర్‌ఎఫ్‌సీ 3164లో వివరించినది, సంవత్సరాన్నీ టైమ్‌జోన్‌నూ రాయనే రాయదు. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 పద్ధతిలో రెండూ ఉంటాయి. మీ చేతిలో ఉంటే దానికి మార్చేయండి.

ప్రశ్న: ‘టెయిల్ -ఎఫ్’ పెట్టి వదిలేస్తే అర్ధరాత్రి తర్వాత ఒక్క లైనూ రావడం లేదు. ఇంకో సంగతి, దాన్ని రెండు గ్రెప్‌ల గుండా పంపితే అసలేమీ కనిపించడం లేదు.

రెండూ వేర్వేరు జబ్బులు. అర్ధరాత్రి లాగ్ రొటేట్ అయి పాత ఫైలు పేరు మారింది. చిన్న ఎఫ్ పట్టుకునేది తెరిచిన ఫైలును, పేరును కాదు. అందుకని ఇక ఎవరూ రాయని పాత ఫైలు దగ్గరే కూర్చుంది. ‘-పెద్ద ఎఫ్’ ఇస్తే పేరును పట్టుకుని, కొత్త ఫైలు రాగానే దానికి మారుతుంది.

రెండోది బఫర్ సంగతి. గ్రెప్ అవుట్‌పుట్ టెర్మినల్‌కు కాకుండా ఇంకో పైప్‌కు వెళ్తుంటే లైను లైనుగా పంపదు, ఒక దిమ్మ నిండాక (సాధారణంగా 4096 బైట్లు) పంపుతుంది. ఎర్రర్లు అరుదుగా వస్తుంటే ఆ దిమ్మ నిండటానికి గంటలు పట్టొచ్చు. చివరిది తప్ప మిగతా గ్రెప్‌లకు ‘--లైన్-బఫర్డ్’ ఇవ్వండి. జీఎన్‌యూ సెడ్‌కు ‘-యు’, ఆక్‌లో ప్రింట్ తర్వాత ‘ఎఫ్‌ఫ్లష్()’.

ప్రశ్న: మా సర్వీస్ ఎర్రర్లు రాస్తోందని తెలుసు. ‘జర్నల్‌సీటీఎల్ -పి ఎర్ర్’ అంటే మాత్రం ఖాళీ. ఎందుకు?

‘-పి ఎర్ర్’ అంటే 0 నుంచి 3 వరకు ప్రాధాన్యం ఉన్న లైన్లు. మీ ప్రోగ్రామ్ తెరమీదికి రాసినట్టు రాస్తుంటే, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపి, వాటి లాగ్‌ను జర్నల్‌లో దాచేది) ఆ లైనులో ఏముందో చదవదు. ఎస్‌టీడీఅవుట్ అయినా ఎస్‌టీడీఈఆర్ఆర్ అయినా అన్నిటికీ 6, అంటే ‘ఇన్ఫో’ ముద్రే వేస్తుంది. లైనులో ఎర్రర్ అని పెద్దక్షరాలతో రాసి ఉన్నా సరే. ఇది తెలియక, సర్వీస్ ఆరోగ్యంగా ఉందని నమ్మేవాళ్లు చాలామంది.

పరిష్కారం సులువు. లైను మొదట్లో <3> అని రాస్తే సిస్టమ్‌డీ దాన్ని ఎర్రర్‌గా తీసుకుని ఆ గుర్తును చెరిపేస్తుంది, <4> అయితే వార్నింగ్. ప్రోగ్రామ్‌ను మార్చలేకపోతే ‘-యు’తో సర్వీస్ పేరు, ‘-జీ’తో వెతికే మాట ఇవ్వండి. ‘-జీ’కి ఇచ్చే మాట అంతా చిన్నక్షరాల్లో ఉంటే పెద్ద-చిన్న తేడా పట్టించుకోదు.

ఖాళీ రావడానికి ఇంకో మూడు కారణాలూ చూడండి. మీ యూజర్ ‘ఏడీఎం’ లేదా ‘సిస్టమ్‌డీ-జర్నల్’ గ్రూపులో లేకపోతే సిస్టమ్ లాగ్‌లు కనిపించవు. /వార్/లాగ్/జర్నల్ డైరెక్టరీ లేకపోతే, స్టోరేజ్ ‘ఆటో’ సెట్టింగ్‌లో జర్నల్ మెమరీలోనే ఉండి రీబూట్‌తో పోతుంది, గత బూట్ లాగ్ చూపే ‘-బి -1’ పనిచేయదు. ఒక సర్వీస్ తక్కువ సమయంలో మరీ ఎక్కువ రాస్తే (డిఫాల్ట్ పరిమితి 30 సెకన్లకు 10000 లైన్ల స్థాయిలో) మిగతావి పారేసి ‘ఇన్ని లైన్లు అణచివేశాం’ అని ఒక ముక్క రాస్తుంది. ఆ ముక్క కనిపించిందంటే, మీకు కావాల్సిన లైను దక్కకపోయి ఉండొచ్చు.

ప్రశ్న: జావా స్టాక్ ట్రేస్ వంద లైన్లుంటుంది. ఎక్కడ చదవాలి? ఈమధ్య ‘నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్’ అనే పేరు మాత్రమే వస్తోంది, కింద ట్రేస్ లేనే లేదు.

ట్రేస్‌లో ‘కాజ్డ్ బై’ అనే లైన్లలో అట్టడుగున ఉన్నదే మూలం. దానికింద వరసలో మీ సొంత ప్యాకేజీ పేరుతో మొదలయ్యే మొదటి లైను చూడండి, ఫైలు పేరూ లైను నంబరూ అక్కడే ఉంటాయి. చివర్లో ‘... 23 మోర్’ అని ఉంటే ఏదో కోసేశారని కంగారుపడొద్దు. ఆ 23 ఫ్రేములూ పైనున్న ట్రేస్ చివరి భాగంలో ఉన్నవే, మళ్లీ అచ్చేయలేదు. పైథాన్‌లో ఒక్కో ట్రేస్‌బ్యాక్‌లో అన్నిటికన్నా కింది లైనే అసలు ఎర్రర్. గొలుసుగా రెండు మూడు ట్రేస్‌బ్యాక్‌లు వస్తే మాత్రం మొదట పుట్టినది పైన ఉంటుంది.

ట్రేస్ లేకుండా వచ్చే ఎక్సెప్షన్ మీ లాగర్ తప్పు కాదు. హాట్‌స్పాట్ జేవీఎం చేసే పొదుపు అది. నల్‌పాయింటర్ లాంటి కొన్ని ఎక్సెప్షన్లు ఒకేచోట పదేపదే వస్తే, ఆ కోడ్‌ను మళ్లీ కంపైల్ చేసేటప్పుడు, ముందే తయారుచేసి పెట్టుకున్న ట్రేస్ లేని ఎక్సెప్షన్‌ను విసిరేలా మారుస్తుంది. అంటే ట్రేస్ ఒకప్పుడు వచ్చింది. ప్రాసెస్ చివరిసారి మొదలైన సమయం చూసుకుని అక్కడినుంచి కిందికి వెతకండి, మొదట్లో వచ్చినవాటికి ట్రేస్ ఉంటుంది. ఆ పాత ఫైలు రొటేషన్‌లో పోయి ఉంటే ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది. శాశ్వతంగా ఆపాలంటే జేవీఎంకు ‘-పెద్ద ఎక్స్ పెద్ద ఎక్స్:-ఒమిట్‌స్టాక్‌ట్రేస్‌ఇన్‌ఫాస్ట్‌త్రో’ ఆప్షన్ ఇవ్వాలి (ఒమిట్, స్టాక్, ట్రేస్, ఇన్, ఫాస్ట్, త్రో మాటల మొదటి అక్షరాలన్నీ పెద్దవి, మధ్యలో ఖాళీలు ఉండవు). కోలన్ తర్వాత మైనస్ ఉండాలి. అక్కడ ప్లస్ పెడితే ఉన్న పరిస్థితే ఉంటుంది.

ప్రశ్న: మా లాగ్ జేసన్‌లో ఉంది. జేసన్‌ను చదివి వడకట్టే ‘జేక్యూ’ సగంలో పార్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది.

మధ్యలో ఎక్కడో జేసన్ కాని లైను పడింది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు రాసే బ్యానరో, లైబ్రరీ నేరుగా రాసిన హెచ్చరికో అయివుంటుంది. జేక్యూకి ‘-పెద్ద ఆర్’ ఇచ్చి, ప్రోగ్రామ్ మొదట్లో ‘ఫ్రమ్‌జేసన్?’ పెట్టండి. చివరి ప్రశ్నార్థకం వల్ల పార్స్ కాని లైన్లను వదిలేసి ముందుకు వెళ్తుంది. వదిలేసిన లైన్లనూ ఒకసారి చూడండి, ప్రోగ్రామ్ కుప్పకూలేటప్పుడు రాసే మాటలు సాధారణంగా జేసన్‌లో ఉండవు. పైనో లాగర్ (నోడ్.జేఎస్ లాగ్ లైబ్రరీ) వాడితే లెవెల్ అంకెగా ఉంటుంది: 30 ఇన్ఫో, 40 వార్నింగ్, 50 ఎర్రర్, 60 ఫేటల్. ‘ఎర్రర్’ అనే మాటతో పోల్చితే ఏమీ రాదు, 50 లేదా అంతకన్నా ఎక్కువ అని అడగాలి.

ప్రశ్న: ఎర్రర్ ఏమీ లేకుండానే లాగ్ మధ్యలో ఆగిపోయింది, ప్రాసెస్ కూడా లేదు. ఎక్కడ వెతకాలి?

ఆ లాగ్‌లో కాదు, కెర్నెల్ లాగ్‌లో. మెమరీ చాలకపోతే కెర్నెల్ ప్రాసెస్‌కు సిగ్నల్ 9 పంపి చంపేస్తుంది. చచ్చేదానికి చివరి మాట రాసే అవకాశం కూడా ఉండదు. ‘జర్నల్‌సీటీఎల్ -కె’లో ‘కిల్డ్ ప్రాసెస్’ (మొదటి కె పెద్దది) అని వెతకండి. కంటైనర్ అయితే ఎగ్జిట్ కోడ్ చూడండి: 137 అంటే 128 కూడిక 9, అంటే బలవంతంగా చంపారు. 139 అంటే సిగ్నల్ 11, మెమరీలో చేయకూడని చోట చెయ్యి పెట్టింది. 143 అంటే సిగ్నల్ 15, మామూలుగా ఆగమన్నారు, ఎవరు ఆపారో చూడాలి. కుబెర్నెటీస్‌లో పాడ్ మళ్లీ మొదలై ఉంటే ‘క్యూబ్‌సీటీఎల్ లాగ్స్’ కొత్త కంటైనర్‌దే చూపుతుంది, పాతదానికి ‘--ప్రీవియస్’ చేర్చాలి.

పైథాన్ ప్రోగ్రామ్ అయితే ఇంకో మెలిక. అవుట్‌పుట్ టెర్మినల్‌కు కాకపోతే అది కూడా బఫర్ చేస్తుంది, చంపేసినప్పుడు బఫర్‌లో ఉన్నదంతా పోతుంది. చివరిగా కనిపిస్తున్న లైను నిజంగా చివరిది కాకపోవచ్చు. ‘-యు’ ఆప్షన్‌తో నడపండి.

ప్రశ్న: విండోస్ ఈవెంట్ వ్యూయర్ నిండా ఎర్ర గుర్తులే. అన్నీ సరిచేయాలా?

అక్కర్లేదు. ఉదాహరణకు డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ 10016 వదిలేయొచ్చని మైక్రోసాఫ్టే చెబుతోంది. ‘ఫిల్టర్ కరెంట్ లాగ్’లో ఈవెంట్ ఐడీల పెట్టెలో -10016 అని మైనస్‌తో రాస్తే అది తప్ప మిగతావి వస్తాయి. కెర్నెల్-పవర్ 41 కనిపిస్తే అది కారణం కాదు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మెషీన్ మళ్లీ మొదలైందని మాత్రమే దాని అర్థం, కారణం దానికి ముందున్న నిమిషాల్లో వెతకాలి. పవర్‌షెల్‌లో ‘గెట్-విన్‌ఈవెంట్’ వాడితే లెవెల్, సమయం ‘ఫిల్టర్‌హ్యాష్‌టేబుల్’లోనే ఇవ్వండి (1 క్రిటికల్, 2 ఎర్రర్, 3 వార్నింగ్). అన్నీ తెచ్చుకుని తర్వాత ‘వేర్-ఆబ్జెక్ట్’తో వడకడితే చాలా నెమ్మది.

ప్రశ్న: డిస్క్ నిండిందని పెద్ద లాగ్ ఫైలు డిలీట్ చేశాను. ఖాళీ మాత్రం పెరగలేదు.

ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +పెద్ద ఎల్1’ కొడితే డిలీట్ అయినా తెరిచి ఉన్న ఫైళ్లూ, పట్టుకున్న ప్రాసెస్‌లూ కనిపిస్తాయి. ఆ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేయాలి. ఇకముందు డిలీట్ చేయకుండా ‘ట్రంకేట్ -ఎస్ 0’తో ఖాళీ చేయండి. డాకర్ డిఫాల్ట్ లాగ్ డ్రైవర్ జేసన్-ఫైల్‌కు పరిమాణంలో హద్దు లేదు, ‘మ్యాక్స్-సైజ్’, ‘మ్యాక్స్-ఫైల్’ మీరే పెట్టుకోవాలి.

ప్రశ్న: లాగ్‌ను బయటి సపోర్ట్ టీమ్‌కు పంపాలి. ఏం తీసేయాలి?

పాస్‌వర్డ్‌లు సరే, అవి అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి: ఆథరైజేషన్, కుకీ హెడర్లు, యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత ఉండే భాగం, డేటాబేస్ కనెక్షన్ స్ట్రింగ్‌లు, విఫలమైన ఎస్‌క్యూఎల్‌లోని విలువలు. జేడబ్ల్యూటీ టోకెన్లు (లాగిన్ అయినవారిని గుర్తించే తాళపు వరుసలు) ఇ-వై-పెద్ద జె అనే మూడు అక్షరాలతో మొదలవుతాయి కాబట్టి ఒక్క గ్రెప్‌తో పట్టుకోవచ్చు.

ఈమెయిళ్లన్నిటినీ ఒకే నక్షత్రాల వరుసగా మార్చకండి. ఎర్రర్ ఒక్క వాడుకరికే వస్తోందా, అందరికీనా అన్నది అవతలివాళ్లకు తెలియకుండా పోతుంది. ఒక్కో చిరునామాకు యూజర్-1, యూజర్-2 అని స్థిరమైన పేరు ఇవ్వండి. రిక్వెస్ట్ ఐడీలను ముట్టుకోవద్దు, లైన్లను ఒకదానికొకటి కలిపి చదవడానికి అవే ఆధారం. గ్రెప్ చేసిన ఎర్రర్ లైన్లు మాత్రమే కాకుండా ఆ పది నిమిషాల లాగ్ మొత్తం, టైమ్‌జోన్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా పంపండి. పొరపాటున టోకెన్ వెళ్లిపోతే మెయిల్ వెనక్కి తీసుకునే ప్రయత్నంతో కాలం గడపకుండా ముందు ఆ టోకెన్‌ను రద్దు చేయండి.